పాత యాక్షన్, కామెడీ సీరియళ్లను ఇంట్లో మళ్లీ చూడాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత సీరియళ్ల క్యాసెట్లు, డిస్కుల గురించి నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు వాళ్లు అడిగే సందేహాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అందరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు, మిగతావి చదవకపోయినా జవాబు అర్థమవుతుంది. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. కొత్త డిస్కులు కొనడం కన్నా, ఇంట్లో ఇప్పటికే ఉన్నవాటిని కాపాడుకోవడం ముందు చేయాల్సిన పని. అటక మీద టేపు ఏటికేడు పాడవుతూనే ఉంటుంది.

## ఏది చూడాలో తేల్చుకునేటప్పుడు

అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా, మళ్లీ ఈ డిస్కులెందుకు?

కొన్ని ఉన్నాయి, అన్నీ లేవు. తెలుగు కామెడీ సీరియల్ అమృతం హాయిగా యూట్యూబ్‌లో చూడొచ్చు. దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి కూడా తన పాత సీరియళ్లను యూట్యూబ్‌లోనూ, 2024 నవంబరులో మొదలుపెట్టిన వేవ్స్ యాప్‌లోనూ పెడుతోంది. అక్కడ దొరికితే అక్కడే చూడండి, డబ్బు ఖర్చు పెట్టాల్సిన పని లేదు. విదేశీ యాక్షన్ సీరియళ్ల సంగతి వేరు. హక్కుల గడువు తీరితే యాప్‌లోంచి రాత్రికి రాత్రే మాయమవుతాయి. ఎవరో ఎక్కించిన వీడియోల్లోనేమో పైనా కిందా కోసేసి, మూలన పెద్ద లోగో వేసి, పాట వచ్చినచోట శబ్దం తీసేసి ఉంటాయి. మీ దగ్గర డిస్క్ ఉంటే సీరియల్ మీ చేతిలో ఉన్నట్టే. నెట్ సరిగా అందని ఊళ్లో ఇది ఇంకా పెద్ద సుఖం.

చిన్నప్పుడు దూరదర్శన్‌లో నల్ల బైక్ మీద ఒకతను దూసుకుపోయే సీరియల్ వచ్చేది. పేరు గుర్తుకు రావట్లే. ఏదది?

స్ట్రీట్ హాక్. 1985లో అమెరికాలోని ఏబీసీ ఛానల్లో వచ్చింది, ఆ తర్వాత మన దూరదర్శన్‌లో. హీరో జెస్సీ మాక్ పాత్ర వేసింది రెక్స్ స్మిత్. పగలు పోలీసు శాఖ తరఫున పత్రికలకు, జనానికి కబుర్లు చెప్పే ఉద్యోగం, రాత్రి రహస్యంగా ఆ బైక్ సవారీ. గంటకు 300 మైళ్లు, అంటే దాదాపు 480 కిలోమీటర్ల వేగమని టైటిల్స్‌లోనే చెప్తారు. కంట్రోల్ రూంలో కూర్చుని దారి చూపించే నార్మన్ టటుల్ భయం, జెస్సీ దుడుకుతనం కలిస్తేనే ఆ సీరియల్‌కు రుచి. నేపథ్య సంగీతం టాంజరీన్ డ్రీమ్ అనే జర్మన్ బృందానిది. పెద్ద టీవీలో, మంచి స్పీకర్‌తో వింటే ఆ సింథసైజర్ మోత ఇప్పటికీ ఒళ్లు పులకరింపజేస్తుంది.

చాలామందికి ఏళ్ల తరబడి వచ్చిన సీరియల్‌లా గుర్తుంటుంది గానీ మొత్తం 13 ఎపిసోడ్లే. అందుకే మళ్లీ చూడటం మొదలుపెట్టేవాళ్లకు ముందుగా దీన్నే చెప్తాను. డీవీడీ సెట్టు 2010లో అమెరికాలో వచ్చింది. ఒక ఎపిసోడ్‌లో కుర్ర జార్జ్ క్లూనీ కనిపిస్తాడు, కనిపెట్టండి.

మాట్లాడే కారు సీరియల్ కూడా అదే టైంలోదా?

అది నైట్ రైడర్, కొంచెం ముందుది. 1982 నుంచి 1986 దాకా నాలుగు సీజన్లు వచ్చింది. కారు పేరు కిట్, పాంటియాక్ ఫైర్‌బర్డ్ ట్రాన్స్ ఆమ్ మోడల్. గొంతు విలియం డేనియల్స్‌ది. ఆయన టైటిల్స్‌లో తన పేరు వేయించుకోలేదు. మొదటి సీజన్ దాకా కొనుక్కుంటే చాలని నా సలహా. తర్వాతి సీజన్లలో కారుకు హంగులు పెరిగాయి, కథలో పట్టు తగ్గింది.

వాచీలో మాట్లాడితే పెద్ద రోబో ఎగిరొచ్చేది కదా?

జెయింట్ రోబో. జపాన్‌లో తోయెయ్ సంస్థ 1967-68లో తీసిన 26 ఎపిసోడ్ల సీరియల్. మనం చూసింది ఇంగ్లీషు డబ్బింగ్. రాక్షసుల బొమ్మలు ఇప్పుడు చూస్తే రబ్బరు తొడుగులని తెలిసిపోతుంది, అయినా చివరి ఎపిసోడ్ మాత్రం పెద్దవాళ్లనూ కదిలిస్తుంది.

ఇంట్లో పెద్దోళ్లకు ఇంగ్లీషు రాదు, హిందీ అంతంతమాత్రం. అందరం కలిసి ఏం చూడాలె?

మొదట మిస్టర్ బీన్ పెట్టండి. 1990లో మొదలైన ఈ బ్రిటిష్ సీరియల్లో మాటలు దాదాపు ఉండవు, అంతా రోవాన్ అట్కిన్సన్ ముఖమే చెప్తుంది. చెవులు సరిగా వినపడని తాతకూ, బడికి వెళ్లని మనవడికీ ఒకేసారి నవ్వొస్తుంది.

తర్వాత అమృతం. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది, గుణ్ణం గంగరాజు నిర్మాణం. అమృతం పాత్రలో మొదట శివాజీ రాజా, తర్వాత నరేష్, ఆ పైన హర్షవర్ధన్ కనిపిస్తారు. ముగ్గురు మారినా సీరియల్ నిలబడిందంటే అందుకు ఆంజనేయులుగా గుండు హనుమంతరావు ఒక ముఖ్య కారణం. ఆయన 2018లో పోయారు. వాళ్ల హోటల్ అమృత విలాస్‌లో ఇడ్లీ దగ్గర మొదలైన చిన్న పేచీ ఎక్కడెక్కడికో పాకి, చివరికి మళ్లీ ఆ కౌంటర్ దగ్గరికే చేరుతుంది. ఆ అల్లిక చూసి నేర్చుకోవాల్సింది. ధర్మవరపు సుబ్రహ్మణ్యాన్ని ఇంటింటికీ పరిచయం చేసిన దూరదర్శన్ ఆనందోబ్రహ్మ మీ ఇంట్లో టేపు మీద ఉందంటే మాత్రం దాన్ని బంగారంలా చూసుకోండి.

హిందీ గురించి ఎక్కువ టెన్షన్ పెట్టుకోకండి. పాలమూరులో, నల్లగొండ పాత బస్తీలో రోజూ ఉర్దూ చెవిన పడుతూనే ఉంటుంది. నుక్కడ్ అనే హిందీ సీరియల్‌లో మాటలు మన పెద్దవాళ్లకు సినిమా హిందీ కన్నా సులువుగా అర్థమవుతాయి.

హిందీ కామెడీల్లో ఏది ముందు?

టైం తక్కువుంటే జస్పాల్ భట్టీ తీసిన ఫ్లాప్ షో. 1989లో వచ్చింది, 10 ఎపిసోడ్లు. ఆఫీసుల్లో పని జరగకపోవడం, కాంట్రాక్టర్ల మోసం లాంటి విషయాలే కథలు. టైం ఉంటే 1986-87లో వచ్చిన నుక్కడ్. కుందన్ షా, సయీద్ మిర్జా దర్శకత్వం. వీధి మూలన కరెంటు పనిచేసే గురు, సైకిల్ రిపేరు హరి, తాగుబోతు ఖోప్డీ. ఎవరి దగ్గరా డబ్బుండదు, అందరి దగ్గరా మనసుంటుంది. నవ్విస్తూనే గొంతు పట్టేసే సీరియల్ అది. పరిశోధన కూడా కావాలంటే 1985 నాటి కరంచంద్. క్యారెట్ కొరుకుతూ కేసులు తేల్చే పంకజ్ కపూర్‌ను ఒక్కసారి చూస్తే వదలరు.

## కొనేటప్పుడు

వీసీడీ కొనాలా, డీవీడీ కొనాలా?

రెండూ దొరికితే డీవీడీ. వీసీడీలో బొమ్మ 352 బై 288 చుక్కలు, డీవీడీలో 720 బై 576. పాత 21 అంగుళాల టీవీలో తేడా పెద్దగా తెలిసేది కాదు. ఇప్పటి 43 అంగుళాల టీవీలో వీసీడీ పెడితే మొహాలు గడులు గడులుగా విడిపోతాయి. పైగా ఒక వీసీడీలో గంటా పావుకు మించి పట్టదు. అయితే మీకు కావాల్సిన సీరియల్ వీసీడీలోనే ఉంటే సందేహించకుండా కొనండి. 2007లో మోసర్ బేర్ అనే డిస్కుల కంపెనీ 28 రూపాయలకే వీసీడీ, 34కే డీవీడీ ఇచ్చిన రోజుల్లో మార్కెట్‌ను ముంచెత్తినవి ఎక్కువగా సినిమాలు. సీరియళ్లు అంతగా రాలేదు, అందుకే పాత స్టాకులో కనపడ్డ సీరియల్ డిస్క్‌ను వదులుకోకూడదు.

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ ఇప్పుడు ఎక్కడ దొరుకుతయి?

కొత్త డిస్కులు అమ్మే దుకాణాలు దాదాపు లేవు. దారులు మూడున్నాయి. మొదటిది, ఒకప్పుడు క్యాసెట్లు అద్దెకిచ్చి ఇప్పుడు మొబైల్ రీఛార్జి, జిరాక్స్ దుకాణాలుగా మారినవి. పాత స్టాకు వెనక గదిలో అట్టపెట్టెల్లో ఉంటుంది, పడేయడానికి మనసొప్పక దాచినవాళ్లు చాలామంది ఉన్నారు. గడియారం చౌరస్తా చుట్టుపక్కల ఉన్నా, మెట్టుగడ్డ వైపు ఉన్నా మర్యాదగా అడిగితే చూపిస్తారు. రెండోది, పాత సామాన్ల దుకాణాలు. మూడోది, చుట్టాలు. ముంబై, పుణె బతకపోయి వచ్చిన ఇళ్లలో హిందీ డిస్కులు ఉండే అవకాశం ఎక్కువ. ఇవేవీ కాకపోతే హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం రోడ్డు పక్కన పరిచే పాత పుస్తకాల మధ్య డిస్కులూ కనిపిస్తుంటాయి. రెండు ఊళ్ల నుంచీ అది వంద కిలోమీటర్ల దారే కాబట్టి వేరే పని మీద వెళ్లినప్పుడు చూసుకోండి, దీనికోసమే బస్సెక్కొద్దు.

డిస్క్ అసలుదా, కాపీ కొట్టిందా ఎట్ల తెలుస్తది?

వెనక వైపు తిప్పి వెలుతురుకు పెట్టండి. ఫ్యాక్టరీలో అచ్చొత్తిన డిస్క్ వెండి రంగులో, అద్దంలా మెరుస్తుంది. డీవీడీలో రెండు పొరలున్నవి కొంచెం బంగారు రంగులో ఉంటాయి. ఇంట్లోనో దుకాణంలోనో రాసిన డిస్క్ ఊదా లేదా ఆకుపచ్చ ఛాయలో కనిపిస్తుంది. ఆ రంగు ఒక రసాయనం, ఎండకూ వేడికీ వెలిసిపోతుంది. కాపీ కొన్నారంటే చట్టం సంగతి అటుంచినా, కొన్నేళ్లకు ఖాళీ రేకు మిగిలే ప్రమాదం ఉంది.

డాలస్ నుంచి మా మనవడు డీవీడీలు పంపిండు, ప్లేయర్‌లో 'రాంగ్ రీజియన్' అని వస్తోంది. ఇగ చూడలేమా?

చూడొచ్చు. డీవీడీలకు దేశాలవారీగా తాళం వేస్తారు. అమెరికాది 1, మన దేశానిది 5. 0 అని గానీ, ఆల్ అని గానీ రాసి ఉంటే ఎక్కడైనా ఆడుతుంది. మన దగ్గర అమ్మిన చవక రకం ప్లేయర్లు చాలావరకు ఏ నంబరునైనా ఒప్పుకుంటాయి, పెద్ద కంపెనీ ప్లేయర్లే మొండికేస్తాయి. కాబట్టి పక్కింటి సాదా ప్లేయర్‌లో పెట్టి చూడండి. కంప్యూటర్ డ్రైవ్‌లో నంబరు మార్చుకునే వీలుంది గానీ 5 సార్లే, ఆ తర్వాత చివరి నంబరు దగ్గర బిగుసుకుపోతుంది. ఆడుకుంటూ మార్చొద్దని పిల్లలకు చెప్పండి. డీవీడీ తర్వాత వచ్చిన బ్లూ-రే డిస్కులకు లెక్క వేరు, అమెరికాది ఎ, మనది సి. మళ్లీ పంపించేటప్పుడు రీజియన్ ఫ్రీ అని ఉన్నవే తీసుకోమని మనవడికి ఒక మాట చెప్పండి.

'కంప్లీట్ సిరీస్' అని అట్ట మీద ఉంటే నిజంగా అన్నీ ఉంటాయా?

ఎపిసోడ్ల సంఖ్య లెక్కపెట్టుకోండి. మిస్టర్ బీన్ మొత్తం 15. వాటిలో టీవీలో వరసగా వచ్చినవి 14 మాత్రమే. బీన్ క్షవరశాలలో చేసే ఆగం ఉన్న పదిహేనోది 1995లో వీడియో క్యాసెట్ మీదే విడుదలైంది, బ్రిటన్ టీవీలో చాలా ఏళ్ల తర్వాత గానీ రాలేదు. ఇలాంటివి కొన్ని సెట్లలో జారిపోతుంటాయి. ఎపిసోడ్ నిడివి కూడా చూడండి. 1980ల అమెరికా గంట సీరియల్ అంటే ప్రకటనలు తీసేస్తే 47, 48 నిమిషాలు. 42 అని ఉంటే అది రీరన్ కోసం కోసేసిన ప్రతి కావొచ్చు.

పాత వీసీఆర్ అమ్మకానికుంది. కొనొచ్చా?

ఇంట్లో టేపులుంటేనే కొనండి. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్లు తయారుచేసిన ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో ఆపేసింది, కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ వాడినవే. కొనేముందు పనికిరాని టేపు ఒకటి తీసుకెళ్లండి. ప్లే, రివైండ్, ఎజెక్ట్ మూడూ నొక్కి, బయటికొచ్చాక క్యాసెట్ మూత ఎత్తి టేపు అంచు ముడతలు పడిందేమో చూడండి. ముడత పడితే ఎంత చవకైనా వద్దు. టేపును ఆడించడం మాత్రమే చేసే వీసీపీలో రికార్డింగ్ ఉండదు గానీ చూడటానికి అది చాలు. టీవీ బొమ్మను పంపే పద్ధతి దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికా నుంచి వచ్చిన టేపులు ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి, మనది పాల్. రెండూ ఆడే మెషీనా అని అడగండి.

## టీవీకి కలిపేటప్పుడు

కొత్త టీవీకి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు పెట్టే చోటే లేదు. ఏం చేయాలి?

ముందు టీవీ వెనక సన్న ఇయర్‌ఫోన్ రంధ్రం లాంటిది, పక్కన ఏవీ అని రాసి ఉందేమో చూడండి. ఉంటే టీవీతో వచ్చిన చిన్న వైరు ఒకటి ఉండాలి, అది దానికే. లేకపోతే ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న డబ్బా కొనాలి, కొన్ని వందల్లో దొరుకుతుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటివి ఉంటాయి. అడిగేటప్పుడు జాగ్రత్త. హెచ్‌డీఎంఐని ఏవీగా మార్చే డబ్బా అచ్చం ఇలాగే ఉంటుంది, అది తెస్తే పనిచేయదు. డబ్బా మీద ఇన్‌పుట్ అన్నవైపు మూడు రంగుల రంధ్రాలు ఉండాలి.

శబ్దం బాగానే వస్తోంది, బొమ్మ మాత్రం నలుపు తెలుపు. టీవీ పాడైందా?

లేదు. రెండు కారణాలుంటాయి. ఒకటి, కొన్ని టీవీల్లో పసుపు పిన్నుకూ ఆకుపచ్చ పిన్నుకూ ఒకటే రంధ్రం. టీవీ మెనూలో కాంపోనెంట్ అని ఎంచుకుని ఉంటే రంగు పోతుంది, ఏవీ అని మార్చండి. రెండు, డిస్క్ ఎన్‌టీఎస్‌సీది అయ్యుండి ప్లేయర్ సెట్టింగ్ పాల్ మీద ఉండటం, లేదా తలకిందులుగా. ప్లేయర్ మెనూలో ఆటో అని పెడితే సర్దుకుంటుంది.

అందరూ పొట్టిగా, లావుగా కనపడుతున్నరు.

పాత సీరియళ్లు 4:3 కొలతలో తీసినవి, ఇప్పటి టీవీలు 16:9. టీవీ ఆ బొమ్మను పక్కలకు లాగేస్తోంది. పిక్చర్ సైజులో 4:3 పెట్టండి. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. జూమ్ పెడితే పట్టీలు పోతాయి గానీ తలలు కోసుకుపోతాయి. కామెడీలో నవ్వంతా ముఖంలోనూ చేతుల్లోనూ ఉంటుంది, దాన్ని కోసేసి చూడటంలో అర్థం లేదు.

బైక్ వేగంగా పోయినప్పుడు అడ్డగీతలు దువ్వెన పళ్లలా వస్తున్నాయి.

పాత వీడియోలో ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా, సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి పంపేవారు. వాటిని ఇప్పటి తెర ఒకేసారి చూపిస్తే కదిలేచోట పొంతన కుదరదు. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌తో చూస్తుంటే కీబోర్డులో డి అక్షరం నొక్కండి, పోతాయి. ప్లేయర్‌లో అయితే ప్రోగ్రెసివ్ స్కాన్ ఆన్ చేయండి.

మొహాలు మైనం పూసినట్టు నున్నగా ఉన్నయి. డిస్క్ తప్పా?

టీవీ తప్పు. మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్, షార్ప్‌నెస్ ఈ మూడూ తగ్గించండి.

## చూసేటప్పుడు

48 నిమిషాల ఎపిసోడ్ నా డిస్క్‌లో 46 నిమిషాలకే అయిపోయింది. ఎవరో కట్ చేశారా?

కట్ చేసి ఉండకపోవచ్చు. ఫిల్మ్ మీద తీసిన సీరియల్ సెకనుకు 24 బొమ్మలు. పాల్ పద్ధతి టీవీ సెకనుకు 25 చూపిస్తుంది. అంటే మొత్తం 4 శాతం వేగంగా పరుగెత్తుతుంది, సరిగ్గా ఆ రెండు నిమిషాలే తగ్గుతాయి. గొంతులు కూడా రవ్వంత సన్నగా వినిపిస్తాయి. అమెరికా డిస్క్‌లో ఈ తేడా ఉండదు.

డిస్క్‌లో పాట మారిపోయింది. నాకు గుర్తున్నది ఇది కాదు.

మీ జ్ఞాపకం నిజమే అయ్యుండొచ్చు. టీవీలో వేసేటప్పుడు పాటల హక్కులు ప్రసారానికే కొనేవారు. ఇంటి వీడియో అనే ఊహే లేని రోజులవి. డిస్క్ తెచ్చేసరికి మళ్లీ డబ్బు కట్టాలి, కట్టలేక పాట మార్చేస్తారు. అమెరికన్ కామెడీ డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. రేడియో స్టేషన్ మీద కథ, పాటలే దాని ప్రాణం. 2007 డిస్క్‌లో చాలా పాటలు మార్చేశారు, జనం ఒప్పుకోలేదు. 2014లో వచ్చిన సెట్టులో ఎక్కువ భాగం తిరిగి తెచ్చారు. అందుకే అప్పట్లో ఇంట్లో రికార్డు చేసుకున్న టేపు, బొమ్మ ఎంత మసకగా ఉన్నా, విలువైనది. అసలు ప్రసారం దాంట్లోనే ఉంటుంది.

నైట్ రైడర్ హెచ్‌డీలో మెరుస్తోంది, మన పాత సీరియళ్లు ఎందుకు అట్ల రావు?

అప్పటి అమెరికా యాక్షన్ సీరియళ్లు 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. ఫిల్మ్‌ను ఇవ్వాళ మళ్లీ స్కాన్ చేస్తే కొత్త వివరం బయటికొస్తుంది. మన సీరియళ్లలో చాలావాటిని నేరుగా వీడియో టేపు మీద తీశారు. టేపులో ఉన్నదే ఉంటుంది, లేనిది రాదు. ఫిల్మ్ ఉన్నంత మాత్రాన కూడా సులువు కాదు. అమెరికా అంతరిక్ష సీరియల్ స్టార్ ట్రెక్ రెండో తరం (ది నెక్స్ట్ జనరేషన్)ను ఫిల్మ్ మీదే తీసినా, ఎడిటింగ్ వీడియోలో చేశారు. 2012 నుంచి బ్లూ-రే తెచ్చేటప్పుడు నెగటివులు వెతికి, ప్రతి ఎపిసోడ్‌నూ మొదటినుంచి అతికించాల్సి వచ్చింది.

ఆశపడి కొన్నం, నాలుగు ఎపిసోడ్లకే విసుగొచ్చింది. సీరియల్‌ది తప్పా, మాదా?

ఎవరిదీ కాదు, చూసే పద్ధతిది. అవి వారానికి ఒకటి చొప్పున చూడటానికి తీసినవి. ప్రతి వారం అదే బైక్ స్టార్టయ్యే షాటు, అదే విలన్ గోదాం, అదే చివరి నవ్వు. వారం ఆగి చూస్తే ఆ షాటు కోసం ఎదురుచూస్తాం, వరసగా చూస్తే అదే షాటు బరువవుతుంది. 1980ల అమెరికా యాక్షన్ సీరియల్ ఏ-టీంలో హీరోలను గోదాంలో బంధించడం, వాళ్లు అక్కడ ఉన్న ఇనుప ముక్కలతో బండి తయారుచేయడం ఇంచుమించు ప్రతి ఎపిసోడ్‌లో ఉంటుంది. రాత్రి అన్నాలయ్యాక ఒక్కటి పెట్టండి, యాక్షన్ ఒక రోజు, కామెడీ ఒక రోజు. ఇంకోటి పెట్టమని పిల్లలు అడిగినా ఆపేయండి. మర్నాడు వాళ్లే గుర్తుచేస్తారు.

మా పిల్లలు గ్రాఫిక్స్ చూసి నవ్వుతున్నరు.

నవ్వనివ్వండి, కొట్లాడొద్దు. శక్తిమాన్ 1997లో మొదలైనప్పుడు మన దగ్గరున్న వసతులెంత, ఆ బడ్జెట్ ఎంత అన్నది ఒకసారి చెప్పి చూడండి. బైక్ దూకుళ్లూ, కార్ల పల్టీలూ నిజంగా మనుషులే చేశారని చెప్తే ఇంకా బాగా పనిచేస్తుంది. పిల్లలు వెంటనే స్లో మోషన్‌లో పెట్టి వెతుకుతారు.

కొన్ని జోకులు ఇప్పుడు ఇబ్బందిగా ఉన్నాయి. ఆడవాళ్ల మీద, రంగు మీద...

ఉన్నాయి, దాచాల్సిన పని లేదు. పిల్లలు పక్కనుంటే ఆపి, ఇది తప్పు అని ఒక్క మాట చెప్పి ముందుకెళ్లండి. ఎపిసోడంతా అలాగే ఉంటే దాన్ని వదిలేయడమే మంచిది.

## దాచుకునేటప్పుడు, ఎక్కించుకునేటప్పుడు

క్యాసెట్ కిటికీలోంచి తెల్లగా బూజులా కనపడుతోంది. ఆడించొచ్చా?

వద్దు. అది ఫంగస్. ఒక్కసారి ఆడిస్తే వీసీఆర్ హెడ్‌కు అంటుకుంటుంది, ఆ తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. దాన్ని వేరే సంచిలో కట్టి మిగతావాటికి దూరంగా పెట్టండి. వానాకాలం గోడలు చెమ్మగిల్లే ఇళ్లలో, సాగర్ కాలువ పక్క ఊళ్లలో ఇది ఎక్కువ. టేపులో ఇంటి పెళ్లో, మరెక్కడా దొరకని ప్రసారమో ఉంటే శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి.

వీసీఆర్‌లో బొమ్మ మంచు కురిసినట్టు వస్తోంది. హెడ్ నేనే తుడుచుకోవచ్చా?

ఓపికుంటే తుడుచుకోవచ్చు. ప్లగ్ పీకేసి పై మూత విప్పండి. లోపల కొంచెం వాలుగా నిలబడ్డ మెరిసే గుండ్రటి డ్రమ్ము ఉంటుంది. దాని అంచులో ఉండే చిటికెడంత ముక్కలే హెడ్లు. దూది పుల్లలు వాడొద్దు, పోగులు చిక్కుకుని హెడ్ విరుగుతుంది. పోగులు రాని మెత్తటి తోలు గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి డ్రమ్ముకు ఆనించి, కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్మును పైనుంచి మెల్లగా తిప్పండి. గుడ్డను పైకీ కిందికీ రుద్దితే హెడ్ పోయినట్టే. ఆరేదాకా ఆగి అప్పుడు కరెంటు ఇవ్వండి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర ఇళ్లకు ఊక దుమ్ము చేరుతుంది కాబట్టి వాడనప్పుడు మెషీన్ మీద గుడ్డ కప్పి ఉంచండి.

డిస్క్‌ను ఎట్ల తుడవాలె?

మధ్య రంధ్రం నుంచి అంచు వైపు, తిన్నగా. గుండ్రంగా తుడిస్తే గీత డేటా వెంబడే పడుతుంది. వీసీడీకి పేరు రాసి ఉన్న వైపు ఇంకా సున్నితం, వెండి పొర సరిగ్గా దాని కిందే ఉంటుంది, గీసుకుంటే ఇక బాగుకాదు. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది. రెండింటి మీదా బాల్‌పెన్‌తో రాయొద్దు.

మన ఎండలకు ఇవి తట్టుకుంటాయా?

గదిలో నీడన ఉంటే తట్టుకుంటాయి. రేకుల కప్పు కింద అటక మీద, ఎండలో నిలిపిన కారులో తట్టుకోవు. నల్లగొండలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటిన రోజున మూసిన కారులో డిస్క్ వంగిపోతుంది. గోడకు ఆనని బీరువాలో, కింది అరలో, పుస్తకాల్లా నిలబెట్టి దాచండి. క్యాసెట్లను పూర్తిగా రివైండ్ చేసి, పెద్ద స్పీకర్లకు దూరంగా పెట్టండి.

టేపుల్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలంటే?

వీసీఆర్‌ను కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం కావాలి. పనికి అడ్డదారి లేదు, 3 గంటల టేపు ఎక్కడానికి 3 గంటలు పడుతుంది. మొదలుపెట్టే ముందు క్యాసెట్ వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకును విరిచేయండి, పొరపాటున రికార్డ్ నొక్కినా పాతది చెరిగిపోదు. టేపును ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తెస్తే బిగువు సమానమవుతుంది. కరెంటు పోతే ఫైలు సగంలో చెడిపోతుంది కాబట్టి యూపీఎస్ తప్పనిసరి. గంటకు సుమారు 2 జీబీ చోటు పెట్టుకోండి. మధ్యలో వచ్చే ప్రకటనలను, వార్తల ముక్కలను తీసేయకండి. సీరియల్ ఎక్కడైనా దొరకొచ్చు, ఆ రోజు దాని పక్కన ఏం వచ్చిందో ఇంకెక్కడా దొరకదు.

ఏది ముందు అంటే, పెళ్లిళ్లు, పుట్టినరోజులు ముందు. ఆ తర్వాత తెలుగు దూరదర్శన్ కార్యక్రమాలు. డీవీడీలో వచ్చేసిన విదేశీ సీరియళ్లు చివర.

మా దగ్గరున్నవి కాపీ చేసి నలుగురికీ అమ్మొచ్చా?

అమ్మకూడదు. 1957 నాటి కాపీరైట్ చట్టం కింద అది నేరం. ఇంటికి పిలిచి కూర్చోబెట్టి చూపించండి.

ఎక్కించుకున్నాక క్యాసెట్లు పాత సామాన్లోడికి వేసేయొచ్చా?

ఫైలు మొదలు, మధ్య, చివర మూడుచోట్ల ఆడించి చూసేదాకా వేయొద్దు. చూశాక కూడా ఒక కాపీ ఇంట్లో హార్డ్ డిస్క్‌లో, ఇంకో కాపీ వేరే ఊళ్లో ఉన్న చుట్టాల ఇంట్లో ఉండేలా చేయండి. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఫైలు పేరులో సీరియల్ పేరు, ఛానల్, తెలిస్తే సంవత్సరం రాయండి. డీవీడీలో దొరికే సీరియల్ టేపులను తర్వాత ఇచ్చేయొచ్చు. తెలుగు కార్యక్రమాల టేపులు మాత్రం ఉంచండి. రేపు ఇంతకన్నా మంచి మెషీన్ దొరికితే అదే టేపులోంచి ఇంకా మంచి బొమ్మ తీయొచ్చు.